ఛాడఖాయి నాటి రేటు

నా తమ్ముడు చిట్టిబాబు నా మాట వినడు. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. చదువుకోరా అంటే వలలు అల్లుతూ కూర్చున్నాడు. సూరత్ వెళ్లి మిల్లులో చేరరా అంటే వెళ్లినట్టే వెళ్లి, మూడు నెలలకే తిరిగొచ్చేశాడు. సముద్రం కనిపించకపోతే అన్నం సహించడం లేదట వెధవకి! కానీ నేను చెప్పే కోడి రేటు మాత్రం వింటాడు. అది వేదం వాడికి.

ఒడిశాలో, బరంపురం లంజిపల్లిలో మాకు కోళ్ల దుకాణం ఉంది. మా ఆయన పైడన్న కోస్తాడు. నేను తూకం వేస్తాను, డబ్బు పుచ్చుకుంటాను, బోర్డు మీద రేటు రాస్తాను, ఆ రేటు గురించి జనంతో పోట్లాడతాను. నాలుగో పనే నాకు బాగా వచ్చు. నా పుట్టిల్లు చమఖండి. ఛత్రపురం దాటి సముద్రం ఒడ్డున ఉంటుంది. తమ్ముడిదీ మరో ఇద్దరిదీ కలిపి అక్కడ ఒక చిన్న మోటారు పడవ ఉంది.

చేపలు పట్టేవాడికి కోడి రేటు ఎందుకు అంటారేమో. కోడి ప్రియమైతే బరంపురం జనం చేపల వైపు చూస్తారు. అప్పుడు చేపకు ధర పలుకుతుంది, పెట్రోలు పోసి పడవ దింపినా గిట్టుబాటవుతుంది. కోడి చవకైతే చేపను అడిగే దిక్కుండదు. ఆ రోజు గట్టున కూర్చుని వల బాగుచేసుకోవడమే మేలు. అందుకని రోజూ సాయంత్రం నేను ఫోన్లో రేటు చెప్తాను, వాడు చుట్టుపక్కల పడవల వాళ్లకు చెప్తాడు. పదిహేనేళ్లుగా ఇదే మా అక్కాతమ్ముళ్ల ముచ్చట. నా తూకంలో ముక్క అటూ ఇటూ అయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. నా రేటులో రూపాయి తేడా ఎప్పుడూ రాలేదు.

ఆ రేటు ఎలా పుడుతుందో జనానికి తెలియదు. మా వీధిలో లోకనాథ్ గారని రిటైరైన గుమాస్తా ఉన్నారు. రోజూ బోర్డు ముందు నిలబడి, "రాత్రికి రాత్రి నీ కోడి బీయే పాసైందేటి కాసమ్మా, ఇరవై రూపాయలు పెరిగిపోనాది?" అంటారు. పెరగక? సోమవారం, గురువారం, శనివారం సగం ఊరు నీచు ముట్టదు, రేటు కూర్చుంటుంది. ఆదివారం లేస్తుంది. ఎండలకు షెడ్లలో కోళ్లు చస్తే లేస్తుంది. మొక్కజొన్న ప్రియమైతే లేస్తుంది. పెళ్లిళ్లుంటే లేస్తుంది. కోళ్లకు జబ్బని టీవీలో ఎవడో ఒక్క మాట అంటే ధడేల్మని పడుతుంది. ఇవన్నీ నేల మీది కారణాలు. వీటితో నాకు భయం లేదు. నేల మీద ఏ కారణమూ లేకుండా రేటు లేచిందంటే మాత్రం కారణం సముద్రంలో ఉన్నట్టు. చేప రాలేదన్నమాట. పడవలు రాకపోతేనే చేప రాదు. పక్క దుకాణం కూర్మయ్య అలాంటి రోజు ఈలలు వేస్తాడు. చమఖండి ఆడపడుచును, నేను మాత్రం ముందు తమ్ముడికి ఫోన్ చేస్తాను.

నిరుడు కార్తీకంలో జరిగింది చెప్తాను.

మా ఊళ్లో కార్తీకాలు రెండు. ఒరియా వాళ్లది పున్నమితో అయిపోతుంది. నెలంతా నోరు కట్టుకుని ఉంటారా, పున్నమి మర్నాడు ఛాడఖాయి అని ఊరు ఊరంతా మాంసం మీద పడుతుంది. ఆ ఒక్క రోజు అమ్మకం మాకు నెల పెట్టు. మన తెలుగు వాళ్ల కార్తీకం అమావాస్య దాకా ఉంటుంది. అందుకని ఛాడఖాయి నాడు పొద్దంతా కోడి అమ్మి, ఇంటికి పోయి పప్పుచారు తింటాను నేను. మా పుట్టింటి వాళ్లు ఇంకా పట్టుదల మనుషులు. మన నెల అయ్యేదాకా పడవ గట్టు మీదే ఉంచుతారు.

పున్నమికి ముందు రోజు తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరే, ఎల్లుండి ఛాడఖాయి. కోడి రెండొందల ఇరవైకి తగ్గదు. తాబేళ్లు గుడ్లెట్టే కాలమని సెప్పి పెద్ద బోట్లు ఆపీసినారు, సేప ఎక్కడా నేదు. రేపు ఎల్లి ఎల్లుండి తెల్లారేసరికి తెచ్చినావంటే నువ్వు సెప్పిందే ధర," అన్నాను.

"మన కార్తీకం ఇంకా అవనేదు కదప్పా. అమావాస్య ఎల్లాక సూత్తాను," అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

ఒళ్లు మండింది నాకు. "సేపలకి మన పంచాంగం, ఆల్ల పంచాంగం అనుంటదేటిరా? తినీవోడు ఒరియావోడు. ఆడి నెల అయిపోతే బేరం మొదలైనట్టే. పూజలు నీ పెళ్లాం సేసుకుంటది, నువ్వెల్లు," అన్నాను.

తులసి ఫోన్ లాక్కుంది. నా మరదలు, మెతక మనిషి. "వదినా, గాలి తేడాగుందంటన్నారు పెద్దోళ్లు," అంది.

"మొగుడు గుమ్మం దాటితే సాలు, నీకు గాలి తేడాగానే ఉంటది," అన్నాను నేను. అని నవ్వాను కూడా. నా నోట్లో మన్ను పొయ్య.

పున్నమి నాడు తెల్లారకముందే ముగ్గురూ పడవ దింపారు. అదే వేళకు ఇక్కడ బరంపురంలో జనం చెరువుల్లో అరటిదొప్పల పడవలు వదులుతున్నారు. వెనకటికి ఓడలెక్కి వ్యాపారానికి పోయిన వాళ్ల పేరున ఆ రోజు పడవలు వదలడం ఇక్కడి ఆచారం. పక్కింటి రింకి వదిలిన దొప్ప రెండు బారలు పోయి దీపంతో సహా బోల్తా పడింది. పిల్ల ఏడిచింది. ఇంకోటి చెయ్యి, దొప్పలకేం కరువా అని నేనే సముదాయించాను. అప్పటికి నాకు ఏ అనుమానమూ రాలేదు.

సాయంత్రానికి ఫోన్లలో హెచ్చరిక వచ్చింది. అల్పపీడనం బలపడిందనీ, ఎవరూ వేటకు పోకూడదనీ, పోయిన వాళ్లు వెంటనే ఒడ్డుకు రావాలనీ. చిట్టిబాబుకు ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. ఇరవై సార్లు చేస్తే ఇరవై సార్లూ అదే ఆడగొంతు, అదే మాట. దాని గొంతు నొక్కాలనిపించింది. "సముద్రంలో సిగ్నలుండదే," అన్నాడు పైడన్న. ఆ సంగతి నాకు తెలియదా? ఆ రాత్రి మాకిద్దరికీ కంటి మీద కునుకు లేదు.

ఛాడఖాయి నాడు తెల్లవారుజామున రేటు వచ్చింది. రోజూ ఐదింటికి టోకు వ్యాపారి మనిషి జగదీష్ అన్ని దుకాణాలకూ ఫోన్లో రేటు పెడతాడు. రెండొందల ఇరవై ఉంటుందని లెక్క వేసుకున్నాను. రెండొందల అరవై అని పెట్టాడు.

నలభై రూపాయలు! పండగ ధర నిన్ననే కలిసిపోయి ఉంది. ఎండల్లేవు. దాణా పెరగలేదు. పెళ్లిళ్లు ఇంకా మొదలవలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను, నేల మీద ఒక్క కారణమూ మిగల్లేదు. వెంటనే జగదీష్‌కి ఫోన్ చేశాను.

"ఎందుకురా ఇంత?"

"సేప రానేదు పెద్దమ్మా. గోపాల్‌పూర్ నుంచి నేదు, ఛత్రపురం నుంచి నేదు. పడవలు ఎక్కడివక్కడే ఉండిపోనాయి. ఇంక జనానికి కోడే గతి. పండగ సేసుకో!"

పండగట! ఫోన్ పెట్టేశాను. సుద్దముక్కతో బోర్డు మీద 260 రాయబోతే సున్నా సొట్ట పోయింది. పైడన్న చూశాడు. "నువ్వు కూకో, నాను రాత్తాను," అన్నాడు. ఇవ్వలేదు నేను. ఏదో ఒక పని చేతిలో లేకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఏడింటికల్లా వరస రోడ్డు మీదికి పోయింది. స్కూటర్లు, ఆటోలు, సంచులు, అరుపులు. ఎవరికీ రేటు పట్టలేదు. నెల రోజుల ఆకలి మరి! "నీ పంట పండింది మౌసీ," అన్నాడొక ఒరియా కుర్రాడు. చేతిలోని తూకపురాయి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది. లోకనాథ్ గారు మాత్రం బోర్డు చూసి గతుక్కుమన్నారు. ఆయనకు కార్తీకమే గాని, కోడలు సస్మిత ఒరియా పిల్ల. తను తినని కోడిని కోడలి కోసం కొనాలి. "రెండొందల అరవయ్యా? సాయంత్రానికి దిగుతాది, సూడు. అప్పుడొత్తాను," అని వెళ్లిపోయారు.

పదింటికి తులసి ఫోన్ చేసింది.

"పక్కూరి పడవలు నాలుగొచ్చినాయి వదినా. మనది రానేదు."

"వచ్చినోళ్లు ఏటంటన్నారు?"

"రాత్రి దాకా కనబడ్డాడంట. గాలి లేచినాక ఎటెల్లాడో తెల్దంట." ఫోన్లో అలల చప్పుడు వినిపించింది. పిల్లల్ని తీసుకుని ఒడ్డున నిలబడి ఉందన్నమాట. నీ వల్లే వెళ్లాడు వదినా అని ఆమె అనలేదు. అని ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని, అది నాకు చేతనవును. ఏమీ అనకపోయేసరికి ఫోన్ పెట్టేసి మళ్లీ తూకం పట్టుకున్నాను.

అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా ఏం అమ్మానో, ఎవరికి ఎంత చిల్లర ఇచ్చానో తెలియదు. వీణ్ణి చంకనేసుకుని పెంచాను. మా అమ్మ చేపలు ఎండబెట్టడానికి పోతే, వీడికి గంజి పట్టింది నేను. తొమ్మిదేళ్లు పెద్దదాన్ని, పెద్దదానిలాగా ఒక్క రోజైనా మంచి మాట చెప్పానా? రేటు చెప్పాను. ఊరంతా గట్టున ఉంటే వీణ్ణి ఒక్కణ్ణి నీళ్లలోకి తోశాను. గంగమ్మ తల్లీ, నా నోరు పడిపోనీ, వాణ్ణి మాత్రం ఒడ్డు చేర్చు. లోపల ఈ మొర, పైకి "కాలు ముక్కా, రొమ్ము ముక్కా?" ఈ రెండూ ఒకే నోటితో అనాల్సి వచ్చింది.

గాలి ఇక్కడికీ తెలుస్తోంది అప్పటికి. దుకాణం పైన కట్టిన నీలం పట్టా టపటపా కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నప్పుడల్లా నా ప్రాణం పోయి వస్తోంది.

రెండున్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తడానికి భయమేసింది. ఇలాంటి రోజు తెలియని నంబరు అంటే పోలీసైనా కావచ్చు, ఆసుపత్రైనా కావచ్చు. పైడన్న కత్తి పక్కన పెట్టి, రక్తపు చేతులతోనే నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎత్తాను.

"అప్పా!"

ఓలమ్మో! ఆ ఒక్క పిలుపుతో అక్కడే, కోళ్ల గంప మీదే కూలబడిపోయాను. భోరుమని ఏడ్చాను. వరసలో జనం చూస్తే చూశారు.

"ఎక్కడున్నావురా సచ్చినోడా?"

"సోనాపూర్లో, ఆంధ్రా బోర్డరు దగ్గర. ఇంజను ఆగిపోనాది. గాలికి కిందకి కొట్టుకొచ్చీసినాం. ముగ్గురమూ బాగున్నాం. సగం వల పోనాది. ఇంజను ఇక్కడోళ్లు బాగు సేసినారు."

"తులసికి సెప్పినావా?"

"సెప్పినాను. సూడప్పా, ఇక్కడ పడవలన్నీ గట్టునే ఉన్నాయి. రేపు ఎక్కడా సేప ఉండదు. పెట్రోలు దొరికింది. సందేళ మళ్లీ దిగుతాం. పోయిన వల ఖరీదు ఒక్క దెబ్బకి వచ్చెత్తాది."

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పోయిన ప్రాణం తిరిగొచ్చి ఇంకా కుదురుకోనే లేదు, వీడు మళ్లీ పోతానంటున్నాడు!

"బుద్దుందేటిరా నీకు? గాలి సూత్తన్నావా? బస్సెక్కి ఇంటికెల్లు. నా మీద ఒట్టు."

నవ్వాడు వాడు. చావు దాకా పోయొచ్చి నవ్వుతున్నాడు! "ఒట్లూ గిట్లూ తరవాతప్పా. కోడి రేటేటి ఇయాల?"

ఎదురుగా బోర్డు. నా చేత్తో నేను రాసిన 260, సొట్ట సున్నాతో సహా. ఆ మాట నా నోట్లోంచి వస్తే వీడు సముద్రంలో ఉంటాడు. ఏడిచినా వినడు, తిట్టినా వినడు. వాడు వినేది ఒక్కటే.

"నూట అరవై," అన్నాను.

"ఛాడఖాయి నాడా?"

"పడిపోనాదిరా. ఆంధ్రా నుంచి బళ్లకి బళ్లు దిగిపోనాయి. కొనీవోడు నేడు. కోడే ఇలాగుంటే నీ సేపనెవుడు సూత్తాడు?"

"నిజమేనా?"

"నానెప్పుడైనా నీకు తప్పు రేటు సెప్పినానేటి?"

వాడు పక్కవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఎవరో కాదంటున్నారు, ఛాడఖాయికి అంత తక్కువ రేటు ఎప్పుడూ లేదంటున్నారు. మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"ఇక్కడొకాయన బావ లంజిపల్లిలోనే ఉంటాడంట. ఇయాల కోడి కొనుంటాడు కదా, అడుగుతానంటన్నాడు. ఉండప్పా, కనుక్కుని సేత్తాను." పెట్టేశాడు.

ఎవడా బావ? ఇందాక కొని వెళ్లినవాడా, ఇంకా వరసలో ఉన్నాడా? ఏ దుకాణం ముందు ఉన్నాడు? తల ఎత్తేసరికి ఎదురుగా లోకనాథ్ గారు. సంచి చంకన పెట్టుకుని, ఫోన్లో నేనన్నదంతా విని, ముసిముసిగా నవ్వుతున్నారు.

"ఏటి కాసమ్మా, బోర్డు మీద రెండొందల అరవై, ఫోన్లో నూట అరవయ్యా? తమ్ముడికో రేటూ మాకో రేటూనా?"

వరసంతా నా వైపు తిరిగింది. నేను పైడన్న వైపు చూశాను. పొద్దున కొన్న కోళ్లలో ఇంకా సగం గంపల్లోనే ఉన్నాయి. నూట అరవైకి అమ్మితే అసలు కూడా రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

బోర్డు తుడిచేశాను. 160 అని రాశాను. ఈసారి సున్నా గుండ్రంగా వచ్చింది.

"అందరికీ ఒకటే రేటు బాబూ. ఎంత కావాల?"

"నిజమేనా? రెండు కిలోలు... కాదు, మూడు ఇచ్చీ," అన్నారు లోకనాథ్ గారు. ఆయన ముఖం చూడాలి! ఎప్పుడూ కిలోకి మించి కొనని మనిషి, ఆ రోజు ఉన్న డబ్బంతా తీశారు.

ఇక చూస్కోండి. ఆ మాట ఎలా పాకిందో గాని, పావుగంటలో కూర్మయ్య దుకాణం ముందున్న జనం మా వైపు వచ్చేశారు. కూర్మయ్య కత్తితో సహా పరిగెత్తుకొచ్చాడు. "మతిపోనాదేటి నీకు? మమ్మల్ని బతకనీవా?" అని వీధంతా వినబడేట్టు తిట్టాడు. ఇంకో రోజైతే వాడి ఏడు తరాలనూ కడిగేసేదాన్ని. తలొంచుకుని తూకం వేస్తూ ఉండిపోయాను. అరగంట చూసి, కోళ్లు మిగిలిపోతాయన్న భయంతో వాడూ నూట డెబ్భై అన్నాడు. తర్వాత నూట అరవై అన్నాడు. కూడలిలోని మూడు దుకాణాలూ దిగాయి. ఎవడో జగదీష్‌కి చెప్పాడు, వాడు ఫోన్ చేసి అరిచాడు. నేను ఎత్తి పెట్టేశాను. నాకు కావలసిన ఫోను వాడిది కాదు.

ఆ బావ ఎవరో, ఎవరి దగ్గర కొంటాడో తెలియదు కనుక అందరి దగ్గరా రేటు పడాలి. ఒక్క దుకాణంలో రెండొందల అరవై మిగిలినా నా తమ్ముడు నీళ్లలో ఉంటాడు. గంపలు ఖాళీ అవుతున్నాయి, పొద్దు వాలుతోంది, ఫోన్ మోగడం లేదు. పైడన్న చెయ్యి ఆగకుండా కోస్తున్నాడు. సందేళ దిగుతామన్నాడు. సందేళ అయిపోవస్తోంది.

ఐదింటికి మోగింది.

"నిజమేనప్పా. ఆల్ల బావ ఇప్పుడే కొన్నాడంట, నూట అరవయ్యే అంట. పడవ పైకి లాగీసినాం. బస్సెక్కుతన్నాను."

సరే అన్నాను.

ఆ రాత్రి మా వీధిలో రెండు రేకుల కప్పులు లేచిపోయాయి. సముద్రం ఎలా ఉండి ఉంటుందో తలచుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

మర్నాడు బజారంతా అదే గొడవ. ఛాడఖాయి నాడు మిట్టమధ్యాహ్నం రేటు వంద రూపాయలు ఎందుకు పడింది? ఆంధ్రా బళ్లు దిగాయన్నాడొకడు. కోళ్లకు జబ్బు వచ్చి ఉంటుంది, దాచారన్నాడింకొకడు. మొక్కజొన్న పడిపోయిందని పేపర్లో చదివానని లోకనాథ్ గారు. అవునవునని అందరికీ తలూపాను.

తమ్ముడు ఆ వారంలోనే వచ్చాడు. దుకాణం ముందు నిలబడి బోర్డు చూస్తూ, "నువ్వు ఆ రోజు రేటు సెప్పబట్టి ఆగినాం అప్పా. నీ రేటుకి తిరుగునేదు," అన్నాడు. నేను వాడి ముఖం చూడలేక గంపలు సర్దుకున్నాను. పైడన్న అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఇప్పటికీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు, "రేటేటప్పా?" అంటాడు. నేను ముందు దుకాణం బయటికి వచ్చి, పట్టా కదులుతోందా లేదా చూస్తాను. తర్వాతే రేటు చెప్తాను.